రంగు కన్నా ముందు అతుకు

పాత కారు బాగు చేయిస్తున్నామని తెలియగానే అందరూ అడిగే మొదటి ప్రశ్న ఒకటే... ‘ఏ రంగు వేయిస్తున్నారు?’ మా ఇంటి అంబాసిడర్ విషయంలోనూ అదే జరిగింది. తెల్లరంగే దానికి అందమని మా మేనమామ, మెరూన్ అయితే పెళ్లిళ్లకు పనికొస్తుందని పక్కింటి వదిన... ఎవరికి తోచిన సలహా వాళ్లిచ్చారు. రేకుకూ రేకుకూ మధ్య అతుకుల్లో ఏం పూయిస్తున్నారని మాత్రం ఒక్కరూ అడగలేదు. అలా అడగాలని నాకైనా ఎలా తెలుస్తుంది? జగిత్యాలలో ఒక డెంటింగ్ షెడ్డు ముందు ప్లాస్టిక్ స్టూలు మీద రెండు నెలలపాటు, వారానికి మూడు రోజులు కూర్చున్నాక తెలిసింది. పాత కారు ఇంకా ఎన్నేళ్లు బతుకుతుందో చెప్పేది దాని రంగు కాదు, రంగు కింద కనపడకుండా పోయే అతుకులు.

మాది కోరుట్ల. మా బాపు అంబాసిడర్‌ను కిరాయికి నడిపేవాడు. 1978 మోడల్. ఆయన చేతికి వచ్చేసరికే దానికి పదేళ్లు నిండాయి. మా వైపు కారు కిరాయి అంటే పెళ్లిళ్లు, ఆస్పత్రులు, వేములవాడ, కొండగట్టు, ధర్మపురి... వీటన్నింటినీ మించి ఎయిర్‌పోర్టు. కోరుట్ల, మెట్‌పల్లి, జగిత్యాల, సిరిసిల్ల చుట్టుపక్కల గల్ఫ్‌కు పోయినవాళ్లు లేని ఊరు దొరకడం కష్టం. 2008 మార్చిలో శంషాబాద్ విమానాశ్రయం మొదలయ్యేదాకా బేగంపేటకు, ఆ తర్వాత శంషాబాద్‌కు బాపు ఎన్ని ట్రిప్పులు వేశాడో లెక్కలేదు. పోయేటప్పుడు బండిలో ఏడుగురు ఉండేవాళ్లు. వచ్చేటప్పుడు ఆరుగురు. ‘పోయేటప్పుడు అందరు మాట్లాడుతరు బిడ్డా, వచ్చేటప్పుడు ఇంజిన్ ఒక్కటే మాట్లాడుతది’ అనేవాడు. 2006లో మా తమ్ముడిని మస్కట్ విమానం ఎక్కించడానికి బేగంపేట వెళ్లినప్పుడు మాత్రం బాపు ఒక్కడే తిరిగొచ్చాడు.

కిరాయిలు లేని రోజుల్లో కూడా డిక్కీ ఖాళీగా ఉండేది కాదు. ఎండాకాలం మామిడికాయలు, వానాకాలం యూరియా, పొటాష్ బస్తాలు. చిరిగిన బస్తాలోంచి రాలిన ఎరువు గింజలు డిక్కీ మూలల్లో తెల్లగా కనపడుతుండేవి. అవి మా బండిని ఏం చేస్తున్నాయో అప్పుడు ఎవరికి తెలుసు!

అమ్మ ముందే దూరమైంది. బాపు 2019లో పోయాడు. బండి వాకిట్లో వేపచెట్టు కింద నిలబడిపోయింది. 2023 చివర్లో ఇంటి పంపకం మాట వచ్చినప్పుడు తమ్ముడు ఫోన్లో తేల్చేశాడు. ‘అక్కా, గా బండిని పాత ఇనుప సామాన్లకు ఇచ్చెయ్యే. అది తుప్పువట్టుకుంట ఉండుడు, నువ్వు రోజు సూసుకుంట బాధపడుడు... ఎందుకు చెప్పు?’ సిరిసిల్లలో ఉన్న చెల్లె మాత్రం ససేమిరా అంది. ఒక పూట ఇద్దరూ మాట్లాడుకోవడం కూడా మానేశారు. చివరికి ముగ్గురం ఒక ఒప్పందానికి వచ్చాం. బండి ఎముకలు గట్టిగా ఉంటే బాగు చేయిద్దాం. లేదంటే తూకానికి ఇచ్చేద్దాం. ఎముకల సంగతి చెప్పాల్సింది జగిత్యాల చాచా. నలభై ఏళ్లుగా డెంటింగ్ పని చేస్తున్న మనిషి. ఊళ్లో అందరికీ ఆయన చాచాయే.

2024 సంక్రాంతి వెళ్లాక బండిని డీసీఎంలో ఎక్కించి ఆయన షెడ్డుకు చేర్చాం. బానెట్ ఎత్తుతాడనుకున్నాను. ఆయన అటువైపు చూడనే లేదు. ఒక స్క్రూడ్రైవర్ పట్టుకుని నేల మీద పడుకుని బండి కిందికి దూరాడు. టక్... టక్... టక్. గట్టి రేకు దగ్గర ఆ చప్పుడు గంటలా పలికింది. కొన్నిచోట్ల అట్టముక్కను కొట్టినట్టు మెత్తగా వినిపించింది. తలుపు కింద, మనం కాలు మోపి ఎక్కే గడప లాంటి భాగంలో ఒకచోట స్క్రూడ్రైవర్ పిడి దాకా దిగిపోయింది. బయటికి లాగితే ఎర్రటి పెచ్చులతో పాటు తడిమట్టి రాలింది. వాన పడి వారాలు దాటిన ఆ రోజుల్లో కూడా లోపల తడి ఆరలేదు!

అంబాసిడర్‌కు లారీకి ఉన్నట్టు విడిగా ఛాసిస్ ఉండదు. ఇంగ్లండు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నమూనా మీద 1957 నుంచి 2014 దాకా కలకత్తా దగ్గర ఉత్తరపారాలో తయారైన ఈ కారుకు బాడీయే అస్థిపంజరం. నేల రేకు, తలుపుల కింది గడపలు, చక్రాల పైన ఉండే గూళ్లు, డిక్కీ అడుగు... ఇవన్నీ ఒకదానికొకటి వెల్డింగ్ చుక్కలతో అతికి ఉంటాయి. వీటిలో బలం పోతే ఇంజిన్ ఎంత బాగున్నా బండి నడుము విరిగినట్టే.

‘ఎముక చచ్చిందా చాచా?’ అన్నాను భయంగా.

‘చావలె బిడ్డా. నేల రేకు, డిక్కీ అడుగు, ఎడమ గడప పోయినయి. మిగిలింది ఉన్నది. కని గీ రంగేసినోడు మంచిగ చెయ్యలె’ అన్నాడు.

బాపు ఉండగా ఒక పట్టణంలో ఓ షెడ్డువాళ్లు ఈ బండికి తళతళలాడే రంగు వేసిచ్చారు. తుప్పు గోకకుండా దాని మీదే లప్పం పెట్టి, రుద్ది, రంగు కొట్టారు. రెండు వానాకాలాలు తిరగ్గానే రంగు కింద బుడగలు లేచాయి. పైన పటారం లోన లొటారం అంటే ఇదే. అది సరే, అంతకంటే పెద్ద అన్యాయం ఇంకొకటి చేశారు. గడప అడుగున నీరు కారిపోవడానికి ఫ్యాక్టరీవాళ్లు ఉంచిన రంధ్రాలను డాంబరు, లప్పంతో పూడ్చేశారు. లోపలికి వెళ్లిన నీరు లోపలే ఉండిపోయింది. తడిమట్టి ఎక్కడిదో అప్పుడు అర్థమైంది.

అసలు తుప్పు అతుకు దగ్గరే ఎందుకు మొదలవుతుంది? ఈ ప్రశ్నకు మా అమ్మాయి జవాబు చెప్పింది. తను నాచుపల్లి జేఎన్‌టీయూ కాలేజీలో మెకానికల్ చదువుతోంది. ‘దీపంలో వత్తి నూనెను పైకి లాగుతుంది కదమ్మా, అట్లనే’ అంది. రెండు రేకులను ఒకదాని మీద ఒకటి పెట్టి వెల్డింగ్ చుక్కలు పెడితే, చుక్కకూ చుక్కకూ మధ్య వెంట్రుకవాసి సందు మిగులుతుంది. సందు ఎంత సన్నగా ఉంటే నీటిని అంత బలంగా లోపలికి పీల్చుకుంటుంది. అక్కడికి రంగు వెళ్లదు, గాలి ఆడదు, ఎండ తగలదు. లోపల పుట్టిన తుప్పు అసలు ఇనుము కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టి రెండు రేకులనూ ఉబ్బించి విడదీస్తుంది. సందు పెరుగుతుంది, ఇంకాస్త నీరు చేరుతుంది. దానికి ఉప్పు గానీ, పొటాష్ లాంటి ఎరువు గానీ తోడైతే ఇక అడగక్కర్లేదు. మా డిక్కీ అడుగు జల్లెడ కావడానికి కారణం అదే.

ఇప్పటి కార్ల ఫ్యాక్టరీల్లో బాడీ మొత్తాన్ని ప్రైమర్ తొట్టెలో ముంచి, కరెంటు పారించి, సందుసందుకూ పూత పట్టిస్తారు. ఆ తర్వాత అతుకుల మీద సీలర్ పూస్తారు. చాలాచోట్ల ఆ పని రోబోలదే. మన పాత బండికి ఆ భాగ్యం లేదు. చాచా చేతులే రోబోలు.

ఆయన పని చూస్తుంటే ప్రతి దానికీ ఒక వరుస ఉందని తెలిసింది. ముందు సీట్లు, కార్పెట్లు, పెట్రోలు ట్యాంకు తీసేశాడు. పాత డాంబరు, లప్పం గోకి, వైరు బ్రష్షుతో రేకు మెరిసేదాకా రుద్దించాడు. కుళ్లిన రేకును తుప్పు మచ్చ దగ్గర కాకుండా, నాలుగు వేళ్లు అవతల గట్టి రేకు తగిలేదాకా కోశాడు. కొత్త 18 గేజీ రేకు పెట్టి వెల్డింగ్ చేసేముందు, ఒకదానికొకటి ఆనే రెండు ముఖాల మీదా జింక్ ప్రైమర్ కొట్టాడు. ఒకసారి అతికాక ఆ సందులోకి మళ్లీ ఎవరూ వెళ్లలేరు కదా! వెల్డింగ్ అయ్యాక అంతా తిన్నర్‌తో తుడిచి ఎపాక్సీ ప్రైమర్ వేశాడు. రెండు డబ్బాలు కలిపి వాడే ఆ ప్రైమర్ పొగ ఊపిరితిత్తులకు మంచిది కాదని మా అమ్మాయి మాస్కు తెచ్చిస్తే, మొదట నవ్వి ఊరుకున్నాడు. రెండోరోజు తనే అడిగి పెట్టుకున్నాడు.

అప్పుడు వచ్చింది అతుకుల వంతు. ప్రైమర్ తర్వాత, రంగుకు ముందు... సీలర్ చోటు అదొక్కటే. ఉత్త రేకు మీద పూస్తే దాని అంచు కిందనుంచి తుప్పు పాకుతుంది. రంగు అయ్యాక పూస్తే ఎండకు పాడై, చూడ్డానికీ అసహ్యంగా ఉంటుంది. మా అమ్మాయి హైదరాబాద్ నుంచి పాలీయురెథేన్ సీలర్ గొట్టాలు తెప్పించింది. చాచా ఒక గొట్టాన్ని వాసన చూసి, వేళ్ల మధ్య నలిపి, ‘మా ఉస్తాద్ జమానల సీసం కరిగిచ్చి పోసేటోళ్లు. తర్వాత డాంబరొచ్చె. గిది రబ్బరు లెక్క ఉన్నది’ అన్నాడు. ఆ రబ్బరు గుణమే కావాలి. గుంతల రోడ్డు మీద కారు బాడీ ఎప్పుడూ కొద్దికొద్దిగా మెలి తిరుగుతూనే ఉంటుంది. లప్పం గానీ, రెండు ముద్దలు కలిపి పిసికే ఎపాక్సీ గానీ గట్టిపడి పగుళ్లిస్తాయి. ఆ పగులే నీటికి కొత్త వాకిలి. మరి బాత్‌రూముల్లో వాడే సిలికాన్ పూస్తే సరిపోదా అని నేనే అడిగాను. దాని మీద రంగు నిలవదట. పైగా వెనిగర్ వాసన వచ్చే రకం ఆరేటప్పుడు ఆమ్లాన్ని వదులుతుంది. ఇనుముకు అదీ శత్రువే.

అతుకుకు రెండు పక్కలా కాగితం టేపు అంటించి, గన్నుతో సన్నటి గీతలా సీలర్ పెట్టి, తొడుగు వేసుకున్న వేలితో ఒక్క లాగుడుగా నున్నగా దిద్దేవాడు చాచా. పెళ్లికూతురి పాదాలకు పారాణి పెట్టినట్టు... ఎక్కడా తెగకుండా. చక్రాల గూళ్లలో, బండి అడుగున, నీళ్లు నేరుగా కొట్టే వైపు ముందు పూశాడు. లోపలి వైపు తర్వాత. లోపలివైపు మాత్రమే పూస్తే కారులోకి నీరు రాదు గానీ అతుకులో నిలిచిపోతుందట. ఈ సీలర్ గాలిలోని తేమను తీసుకుని గట్టిపడుతుంది. పైన పొర గంటలోనే కట్టినా లోపలిదాకా గట్టిపడటానికి ఒక రోజు చాలదు. అందుకే ఆ మర్నాడు షెడ్డుకు వెళ్తే చాచా చాయ్ తాగుతూ కూర్చున్నాడు. ‘ఇయ్యాల పనేంది చాచా?’ అంటే, ‘ముట్టకుండ ఉండుడే పని’ అన్నాడు.

ఒక గడప అడుగున పూడిపోయిన రంధ్రాలను మాత్రం ఆయన డ్రిల్లుతో తెరిచాడు. ప్రతి తలుపు అడుగునా ఉన్నవాటినీ పుల్లతో శుభ్రం చేశాడు. అంత శ్రద్ధగా అన్నీ మూస్తున్న మనిషి వీటినెందుకు తెరుస్తున్నాడా అనిపించింది. ‘అద్దం పక్కపొంటి తలుపులకు నీళ్లు దిగుతనే ఉంటయి బిడ్డా. ఏ రబ్బరు ఆపది. వచ్చినయి పోనీకి తొవ్వ ఉండాలె’ అన్నాడు. రంగు పని అయ్యాక గడపల లోపలికి సన్నటి గొట్టంతో మైనం లాంటి ద్రవం పిచికారీ చేయించాం. అది సందుల్లోకి పాకి రేకును అంటుకుని ఉంటుంది. అదనంగా ఉన్నది ఆ రంధ్రాల్లోంచే కారిపోయింది.

సీట్ల పని సిరిసిల్లలో. మా మరిది అక్కడ మరమగ్గాల మీద పని చేస్తాడు. చెల్లె పట్టుబట్టి సీటు కవర్ల బాధ్యత తనే తీసుకుంది. గుడ్డ చూడ్డానికి వెళ్లినప్పుడు అతుకుల కథంతా చెప్తే మరిది ఆశ్చర్యపోలేదు. ‘గుడ్డ గూడ నడుమల చినుగదు వదినె. అంచు తప్పితేనే పోగులూడుతది. అంచు మంచిగుంటే నడుమ అదే ఉంటది’ అన్నాడు. వయసులో ఉన్నప్పుడు మా ప్రాంతం నేతగాళ్లు చాలామంది లాగే అతనూ భివండీలో మగ్గం నడిపాడు. అప్పుడప్పుడూ బొంబాయి వెళ్తే నలుపు, పసుపు పద్మినీ ట్యాక్సీల కింద తుప్పు తినేసిన రేకులు వేలాడుతుండేవట. సముద్రపు గాలిలో ఉప్పు! అక్కడ చివరిగా 2003 అక్టోబరులో రిజిస్టరైన పద్మినీ ట్యాక్సీకి ఇరవై ఏళ్ల గడువు తీరడంతో, 2023 అక్టోబరులో అవన్నీ రోడ్డు దిగిపోయాయి. ‘గవి పోయినయని టీవీల చూస్తే మా దోస్తు పోయినట్టనిపిచ్చింది’ అన్నాడు మరిది. బాపు బండికి గుడ్డ కొలిచి కోస్తూ అన్నాడా మాట.

రంగుకు ముందు నీళ్ల పరీక్ష. మా అమ్మాయీ, చెల్లె కొడుకూ టార్చిలైట్లు పట్టుకుని కారు లోపల కూర్చున్నారు. నేను బయటనుంచి పైపుతో నీళ్లు కొట్టాను. ముందు కింది వైపు, తర్వాత తలుపులు, చివరికి కప్పు. పై నుంచి మొదలుపెడితే కారేది ఎక్కడినుంచో తెలియదు. అంతా బాగుందనుకుంటుండగా లోపలినుంచి కేక... ‘పెద్దమ్మా, ఈడ కారుతుంది!’ ముందు అద్దం కింద, కుడిమూల రబ్బరు వెనకనుంచి ఒక్కో చుక్క. పై నుంచి కాస్త సీలర్ పూస్తే పోతుంది కదా అన్నాను. చాచా తల అడ్డంగా ఊపాడు. ‘పైకెల్లి పూస్తే నీళ్లు ఆగుతయి బిడ్డా... తుప్పు ఆగది.’ అద్దం తీయించాడు. రబ్బరు కింద రేకు గోరంత మేర గుంటలు పడి ఉంది. దాన్ని గోకి, వెల్డింగ్‌తో నింపి, ప్రైమర్ కొట్టి, సీలర్ పెట్టి, కొత్త రబ్బరుతో అద్దం బిగించేసరికి ఇంకో మూడు రోజులు.

ఆ మూడు రోజుల్లోనే ఒకనాడు తమ్ముడు మస్కట్ నుంచి వీడియో కాల్ చేశాడు. ఇంకెంత ఖర్చవుతుందని అడుగుతాడేమో అనుకున్నాను. ‘అక్కా, డిక్కీ సూపియ్యి’ అన్నాడు. చూపించాను. ‘నా పెట్టె గుంజినప్పుడు అడుగున ఒక గీత పడ్డది. ఉన్నదా?’ 2006 నాటి గీత. పద్దెనిమిదేళ్లు వాడి మనసులో అలాగే ఉంది. ఆ రేకు కోసేశామని చెప్పాను. ఫోన్లో చాలాసేపు మాట లేదు. తర్వాత నెమ్మదిగా అడిగాడు. ‘కొత్త రేకు అతుకు మంచిగ పూసిండ్రా? రెండు దిక్కుల?’

చాచా నా చేతిలోంచి ఫోను తీసుకుని అతుకు పొడుగునా కెమెరా నడిపించాడు. ఆయన కొడుకు కూడా షార్జాలోనే ఉంటాడు. ఈ పని నేర్చుకోలేదు. ఇంత రేకు మార్చిన బండి మళ్లీ చేతికి వస్తుందో రాదోనని చాచా ఒకటి రెండుసార్లు అనడం విన్నాను. ఎవరూ చూడని అతుకును ఒక్కరైనా అడిగి చూసినందుకేమో, ఆ రోజు ఆయన ముఖంలో వెలుగు చూశాను. నెల తిరక్కుండా తమ్ముడు డబ్బులు పంపాడు. ఇంటి పంపకంలో బండి పేరు మళ్లీ రాలేదు.

రంగు చివరికి తెలుపే వేయించాం. చూసినవాళ్లంతా రంగును మెచ్చుకుంటున్నారు. మెచ్చుకోనివ్వండి. 2021 జూలైలో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం, మొదటి రిజిస్ట్రేషన్ నాటినుంచి 50 ఏళ్లు దాటిన కార్లు, మోటారు సైకిళ్లను వింటేజ్ వాహనాలుగా నమోదు చేసుకోవచ్చు. ఛాసిస్, బాడీ, ఇంజిన్ అసలు రూపం మార్చకూడదు. నంబరులో ‘వీఏ’ అక్షరాలు వస్తాయి. కానీ అలా నమోదైన బండిని రోజువారీ తిప్పడానికి, కిరాయికి వాడకూడదు. మా బండికి 2028లో 50 నిండుతాయి. అప్పుడు ఆ నంబరు తీసుకోవాలా, వేములవాడ పోయి రావడానికి మామూలుగానే ఉంచుకోవాలా అన్నది ఇంకా తేలలేదు. చెల్లెది ఒక మాట, మా అమ్మాయిది ఒక మాట. వాళ్లు తేల్చుకునేదాకా బండి నిలవాలి కదా!

అందుకే ఇప్పుడు మా ఇంట్లో ఒక కొత్త అలవాటు మొదలైంది. రోహిణి ఎండలు తగ్గి మృగశిర కార్తె వస్తుందనగా, వాకిట్లో బండి తలుపులన్నీ తెరిచి, అడుగున ఉన్న రంధ్రాల్లో చీపురుపుల్ల పెట్టి దుమ్ము తీస్తాం. చక్రాల గూళ్లలో బురద కడిగి, అతుకుల వెంట వేలు పోనిచ్చి ఎక్కడైనా సీలర్ లేచిందేమో చూస్తాం. అరగంట పని. ఆ వారంలో మస్కట్ నుంచి ఫోన్ వస్తుంది. ఎట్లున్నరు, వానలు పడ్డయా అని అడగడం అయ్యాక, ‘అక్కా... పుల్ల పెట్టినవా?’ అంటాడు తమ్ముడు.